స్టాన్‌ఫర్డా, హోవెల్సా? సాయంకాల గీతాలకు ఏ బాణీ మేలు?

లూకా సువార్తలో మరియ పాడిన పాట, పసివాడైన యేసును చేతుల్లోకి తీసుకుని సుమెయోను పాడిన పాట తెలుగు బైబిల్ చదివేవాళ్లందరికీ తెలిసినవే. ఇంగ్లండు ఆంగ్లికన్ చర్చిల్లో 1549 ప్రార్థన పుస్తకం నాటి నుంచి ఈ రెండూ సాయంకాల ఆరాధనలో జంటగా వస్తున్నాయి. మరియ పాటను మాగ్నిఫికాట్ అని, సుమెయోను పాటను నుంక్ డిమిటిస్ అని అంటారు. వీటికి బాణీలు కొల్లలు. వాటిలో సంగీతకర్త చార్లెస్ స్టాన్‌ఫర్డ్ జీ మేజర్ స్కేల్‌లో కట్టినదాన్ని, హెర్బర్ట్ హోవెల్స్ 1945లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ కోసం రాసిన ‘కొలీజియం రెగాలే’ను పక్కపక్కన పెట్టి వినాలి. హోవెల్స్ స్టాన్‌ఫర్డ్ శిష్యుడే. అయినా ఇద్దరూ మరియను, సుమెయోనును చూసిన తీరు వేరు.

స్టాన్‌ఫర్డ్ మరియ పడుచు పిల్ల. ఆర్గన్ మీద రాట్నం తిరుగుతున్నట్టు స్వరాలు గిరగిరా పరుగెడుతుంటే, వాటిపైన ఒక్క బాలుడి గొంతు ఎగురుతూ పాడుతుంది. వినగానే మనసు తేలికవుతుంది, మాట కూడా స్పష్టంగా అందుతుంది. సుమెయోను దగ్గరికి వచ్చేసరికి గొంతు బేస్‌కి, అంటే మగ గొంతుల్లో అన్నిటికన్నా కిందిదానికి దిగుతుంది. బరువైన, నిండైన ముసలి గొంతు అది.

హోవెల్స్ మాగ్నిఫికాట్‌లో తొందర లేదు. మొదట చాలాసేపు బాలల గొంతులే వినిపిస్తాయి, మగవాళ్లు ఆ తర్వాతే కలుస్తారు. బలవంతులను సింహాసనాల మీద నుంచి పడద్రోసే మాట దగ్గర చాలామంది సంగీతకర్తలు గట్టిగా మోగిస్తారు. కానీ అక్కడ మొరటు బలం చూపిస్తే ఈ పాటలోని స్త్రీ స్వభావం చెడుతుందని హోవెల్స్ అభిప్రాయం. సుమెయోను మాటలను టెనర్‌కి, అంటే పై స్థాయిలో పాడే మగ గొంతుకు ఇచ్చాడు. మిగతా గొంతులు మెత్తగా పరుచుకుని ఉంటే ఆ టెనర్ నెమ్మదిగా పైకి లేస్తాడు. చూడాలనుకున్నది చూసేశాక ఇక వెళ్లిపోవడానికి సిద్ధపడిన మనిషి మృదుత్వం అందులో ఉంది. స్టాన్‌ఫర్డ్ బేస్‌లో గాంభీర్యం ఉంది కానీ ఈ విడుదల లేదు. నన్నడిగితే సుమెయోను పాట విషయంలో హోవెల్స్‌కు సాటి లేదు. ఆపుకున్న బలమంతా చివరి స్తుతిలో ఒక్కసారిగా పైకెగసినప్పుడు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మరియ పాట మాత్రం స్టాన్‌ఫర్డ్‌దే నాకు ఎక్కువ ఇష్టం. ఆ సంతోషం దాపరికం లేనిది.

అయితే పాడేవాళ్లు తమ గది ఎలాంటిదో కూడా చూసుకోవాలి. హోవెల్స్ శ్రుతులు, అంటే కలిసి మోగే స్వరాల గుంపులు, ఒకదాని మీద ఒకటి కరిగిపోవాలంటే ప్రతిధ్వని ఉండాలి. లండన్ సెయింట్ పాల్స్ కోసం 1951లో రాసినప్పుడు అక్కడి పెద్ద ప్రతిధ్వనిని లెక్కలోకి తీసుకునే శ్రుతులను మరింత నిదానంగా మార్చాడు. తక్కువ ప్రతిధ్వని ఉన్న చిన్న చర్చిలో ఆయన సంగీతం పలచబడుతుంది, స్టాన్‌ఫర్డ్ నిలబడతాడు. కానీ స్టాన్‌ఫర్డ్ జీ మేజర్‌కి ధైర్యంగా పై స్వరాలందుకునే గొంతు ఒకటి కావాలి. అది లేని బృందం ఆయనే 1879లో బీ ఫ్లాట్‌లో కట్టిన బాణీని ఎంచుకుంటే టెన్షన్ ఉండదు, ఆరాధనకూ లోటు రాదు.