మెట్లెక్కినా తెగని వైఫై: మా మేడింట్లో మెష్ అనుభవం

వీడియో కాల్ మాట్లాడుతూ మెట్లెక్కినా ఇప్పుడు తెగడం లేదు. ఈ సమీక్ష రాయాలనిపించిందే అందుకు. మాది విజయనగరం తోటపాలెంలో మూడంతస్తుల ఇల్లు. కింద అత్తయ్యగారు, మావయ్యగారు, మధ్యలో మేము, పైగదిలో ఇంటి నుంచే ఉద్యోగం చేసే మా అబ్బాయి. ఫైబర్ కనెక్షన్ కింది హాల్లో ఉంది. ఇదివరకు శ్రీకాకుళం నుంచి మా చెల్లి ఫోన్ చేస్తే, అత్తయ్యగారితో మొదలైన కబుర్లు మెట్ల మలుపు దగ్గర ఆగిపోయేవి. ఫోన్ కింది రౌటర్‌ని వదిలేది కాదు, సిగ్నల్ అందుకుని ముందుకు పంపడానికి పైన పెట్టిన రిపీటర్‌ని పట్టుకునేది కాదు. వైఫై ఒకసారి ఆపి మళ్లీ వేసుకోవాల్సిందే.

అందుకే మెష్ పెట్టాం, అంటే కలిసి ఒకే వైఫైలా పనిచేసే మూడు పెట్టెలు, అంతస్తుకొకటి. మూడింటికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. దగ్గరున్న పెట్టెకి మారమని అవే ఫోన్‌కి సూచిస్తాయి. మారాలా వద్దా అన్నది మాత్రం ఫోన్ ఇష్టం. నా ఫోన్ చక్కగా మారుతుంది, అత్తయ్యగారి పాత ఫోన్ ఇప్పటికీ మొండికేస్తుంది.

మొదట్లో వైర్లేమీ లాగకుండానే పెట్టాం. ఎవరడిగినా "ప్లగ్గులో పెడితే చాలు" అనేదాన్ని. చలికాలమంతా అలాగే హాయిగా నడిచింది. ఎండలు ముదిరి కరెంటు పోవడం మొదలయ్యాక అసలు కథ మొదలైంది. మా ఇంట్లో కింది పెట్టె, పై పెట్టె ఇన్వర్టర్ లైన్లో ఉన్నాయి, మధ్యది లేదు. కరెంటు పోగానే మధ్యది ఆరిపోతుంది. పై పెట్టె ఏం చేస్తుందంటే, రెండు శ్లాబులు దాటి నేరుగా కింది పెట్టెనే పట్టుకుంటుంది. కరెంటు వచ్చి మధ్యది మళ్లీ వెలిగినా, ఆ బలహీనమైన పట్టుని వదలదు.

"అమ్మా, సిగ్నల్ ఫుల్లుగా ఉంది, నెట్ మాత్రం లేదు" అంటూ మా వాడు దిగి వచ్చేవాడు. నిజమే, ఫోన్లో గీతలన్నీ ఉంటాయి. ఆ గీతలు ఫోన్‌కీ పక్కనున్న పెట్టెకీ మధ్య బలాన్నే చూపిస్తాయి. పెట్టెకీ పెట్టెకీ మధ్య దారి ఎలా ఉందో వాటికి తెలియదు. మెష్ యాప్ తెరిచి చూస్తే గానీ అర్థం కాలేదు. పై పెట్టె ఆపి వేస్తే బాగుపడేది, మళ్లీ కరెంటు పోయేదాకా. మీటింగ్ మధ్యలో ఇలా జరిగితే వాడి టెన్షన్ చూడలేకపోయేదాన్ని.

ఇటుక గోడల్ని ఎలాగోలా దాటే సిగ్నల్, ఇనుప చువ్వలున్న కాంక్రీటు శ్లాబు దగ్గర నీరసపడిపోతుంది. వైఫై తరంగాల్లో 5 గిగాహెర్ట్జ్ అయితే మరీను. 2.4 కాస్త నయంగా దాటుతుంది గానీ, పక్కిళ్ల రౌటర్లన్నీ అక్కడే గుమిగూడి ఉంటాయి.

చివరికి వైరే లాగించాం. ఇల్లు కట్టినప్పుడు కేబుల్ టీవీ కోసం గోడలో వేసిన పైపు కింది హాలు నుంచి పైగది దాకా ఉంది. ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఆ పాత వైరు చివరికి క్యాట్ 6 నెట్‌వర్క్ వైరుని టేపుతో గట్టిగా చుట్టి, "అమ్మా, మీరు కింద నుంచి మెల్లగా వదలండి" అని పైన నిలబడి లాగాడు. రెండో శ్లాబు వంపు దగ్గర బిగుసుకుంది. సబ్బు నీళ్లు రాస్తే కదిలింది. ముందు పై పెట్టెకి 100 మెగాబిట్లే అందినట్టు చూపించింది. జాక్‌లో ఎనిమిది తీగల్లో ఒకటి సరిగా కూర్చోలేదట. గిగాబిట్, అంటే 1000 మెగాబిట్ల వేగానికి ఎనిమిదీ కావాలి. మా ప్లాన్ ఎలాగూ 100 మెగాబిట్లే, అయినా పని పూర్తిగా జరగాలని జాక్‌ని మళ్లీ క్రింప్ చేయించాను, అంటే తీగలు సరిగా కూర్చోబెట్టి బిగింపించాను.

ఇక చూసుకోండి! పై పెట్టె ఇప్పుడు కింది పెట్టెతో మాట్లాడటానికి గాలిలో దారి వెతుక్కోనక్కర్లేదు, ఉన్న బలమంతా ఫోన్లకీ లాప్‌టాప్‌కీ ఇస్తుంది. పోయిన దసరా తర్వాతి మంగళవారం, సిరిమానోత్సవానికి ఇల్లంతా చుట్టాలే. పిల్లలందరూ పైగదిలో ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. కింద మావయ్యగారు టీవీలో ఉత్సవం లైవ్ చూశారు. ఒక్కరు కూడా "నెట్ రావట్లేదు" అనలేదు. నాకెంత సంతోషమేసిందో!

అందుకే ఇప్పుడెవరడిగినా ముందు గోడలో ఖాళీ పైపుందా అని అడుగుతున్నాను. మాది సొంతిల్లు, పైపు సిద్ధంగా ఉంది, మూడంతస్తుల్లోనూ మనుషులున్నారు. కాబట్టి పెట్టిన డబ్బు దండగ అనిపించలేదు. అద్దింట్లో ఉండి ఓనరు వైరు లాగనివ్వకపోతే ఇంత మెచ్చుకునేదాన్నో లేదో. ఒక్క అంతస్తు ఇంటికైతే మంచి రౌటర్ ఒకటి ఇంటి మధ్యలో పెట్టుకుంటే సరిపోవచ్చు. బయట ఫైబరే తెగితే మాత్రం ఎన్ని పెట్టెలున్నా ఒకటే.

మధ్య పెట్టె ఇంకా గాలి మీదే నడుస్తోంది, కరెంటు పోతే మా అంతస్తులో నెట్ తగ్గుతుంది. ఆ ప్లగ్గుని ఇన్వర్టర్ లైన్లోకి మార్పిద్దామంటున్నారు మావయ్యగారు. గోడ కొట్టాలి గనక, రంగులు వేయించేటప్పుడు చూద్దామని ఆపాం.