ఆటిజం డైట్ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి, జాగ్రత్త

"ఆరు నెలల్లో ఆటిజం రివర్స్" అని ఫోన్‌లో యాడ్ చూసి మా చెల్లెలు, బావగారు ఒక సెంటర్‌కి 45 వేలు కట్టారు. పేరు రాయడం లేదు, ఇలాంటి దుకాణాలు చాలానే ఉన్నాయి, అందరి మాట తీరూ ఒకటే.

ముందు పిల్లాడి వెంట్రుకలు కత్తిరించి టెస్ట్‌కి పంపారు. రిపోర్ట్ నిండా సీసం, పాదరసం అంటూ ఎర్ర గీతలు. దాంతో గోధుమ, పాలు, పంచదార బంద్, పిండీ పౌడర్లూ వాళ్ల దగ్గరే కొనాలి. గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రోటీన్) లేని స్పెషల్ పిండట, ప్యాకెట్ వెనక చూస్తే బియ్యం, జొన్న, రాగి! మన అన్నంలో, జొన్నరొట్టెలో గ్లూటెన్ ఎప్పుడుందండీ? పైగా వాళ్లిచ్చిన సాంబారు పొడిలో ఇంగువ ఉంది, బజారు ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారన్న సంగతి వాళ్లకే తెలిసినట్టు లేదు.

మావాడు ఇష్టంగా తినేదే పెరుగన్నం. అది ఆపేసరికి తిండే మానేశాడు, బరువు తగ్గాడు, చివరికి పిల్లల డాక్టరే కేకలేసి మళ్లీ పెరుగు పెట్టించారు. డబ్బు వెనక్కి అడిగితే "పుట్టినరోజుకి కేక్ ముక్క పెట్టారుగా, డైట్ తప్పారు, గ్యారంటీ వర్తించదు" అన్నారు. కిటుకంతా ఇక్కడే ఉంది, ఏ ఇంట్లోనూ అంత కఠినంగా పాటించడం కుదరదని వాళ్లకి ముందే తెలుసు.

వీటన్నిటికంటే నాకు ఒళ్లు మండింది ఎక్కడంటే, కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, బాబుకి ఫోన్ ఎందుకిచ్చావు అని మా చెల్లెల్ని గుచ్చి గుచ్చి అడిగారు. ఆ టెన్షన్‌తో దానికి నిద్ర కరువైంది. ఆటిజంలో జన్యువుల పాత్రే ఎక్కువ, మెదడులో ఆ తేడా పుట్టకముందే మొదలవుతుంది. నూడుల్స్ వల్లో ఫోన్ వల్లో వస్తుందని ఎవరూ రుజువు చేయలేదు. స్క్రీన్ ఎక్కువైతే నిద్ర చెడుతుంది, మాటలు ఆలస్యం కావచ్చు, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, తగ్గించండి, మంచిదే. కానీ స్క్రీన్ చూస్తే వస్తుందని వాళ్లు భయపెట్టే "వర్చువల్ ఆటిజం" అనే జబ్బు డాక్టర్ల నిర్ధారణ పుస్తకాల్లో లేదు. కేసులు పెరుగుతున్నాయని గ్రాఫ్ కూడా చూపిస్తారు, గుర్తించడం పెరిగిందనీ, అంతకుముందు వేరే పేరుతో లెక్కేసిన ఆస్పర్జర్ లాంటివి కూడా 2013లో ఆటిజం కిందే చేర్చారనీ మాత్రం చెప్పరు.

డైట్ సంగతీ అంతే. అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు 14 మంది పిల్లలకి గోధుమ, పాల ప్రోటీన్ తెలియకుండా తినిపించి చూశారు, ప్రవర్తనలో తేడా రాలేదు. నిజంగా సీలియాక్ (గ్లూటెన్ పడని పేగు జబ్బు) లాంటిదో పాలు పడకపోవడమో ఉంటే అది వేరు, అప్పుడు డాక్టర్ చెప్పి మాన్పిస్తారు.

రెండో దశలో "డిటాక్స్" సెలైన్ అంటారు. అది మాత్రం వద్దే వద్దు, లోహాలు తీసేస్తామని అలాంటి చికిత్స చేస్తే 2005లో అమెరికాలో ఐదేళ్ల బాబు చనిపోయాడు.

ఆ డబ్బేదో స్పీచ్ థెరపీకి, ఆక్యుపేషనల్ థెరపీకి (రోజువారీ పనులు నేర్పేది) పెట్టండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ (పిల్లల లోపాలను ముందే గుర్తించి సాయం చేసే కేంద్రం) ఎక్కడుందో కూడా అడగండి. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష దాకా వస్తుంది, థెరపీ ఖర్చు కూడా అందులో ఉంది.

ఇప్పటికే కట్టేసినవాళ్లు బిల్లు, వాట్సాప్ మెసేజ్‌లు, ఆ యాడ్ స్క్రీన్‌షాట్ దాచుకుని 1915కి ఫోన్ చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. మావాళ్లూ ఫిర్యాదు ఇచ్చారు, ఏదైనా తేలితే రాస్తాను.