కార్బన్ తగ్గించే పని: తిరుపతి, చిత్తూరు విడివిడిగానా, కలిసా?

ఖర్చు: బస్సులు, సోలార్ ప్యానెళ్లు విడిగా కొంటే చిన్న ఆర్డర్, బేరమాడే బలం ఉండదు. కలిసి టెండర్ వేస్తే రేటు దిగొచ్చు.

శ్రమ: విడిగా అయితే ఒక్క కౌన్సిల్ తీర్మానం చాలు. కలిస్తే వాటాల గొడవ, పైగా 2022లో జిల్లాలు విడిపోయాక కలెక్టర్లూ ఇద్దరు!

రిస్క్: ఇక్కడ మాత్రం కలవడమే మేలు. 2022 నుంచి తిరుమల ఘాట్ ఎక్కుతున్న ఎలక్ట్రిక్ బస్సు ఎక్కేటప్పుడు ఎంత చార్జింగ్ తాగుతోంది, దిగేటప్పుడు బ్రేకు వేస్తే బ్యాటరీకి ఎంత తిరిగొస్తోంది, ఈ లెక్కలన్నీ చిత్తూరుకు ఊరికే దొరికే పాఠం. 2030కల్లా నికర కార్బన్ ఉద్గారాలు సున్నాకు తేవాలన్న లక్ష్యంతో యూరప్ 112 నగరాలను ఎంచుకున్నదీ, వాటిని చూసి మిగతావి నేర్చుకోవాలనే.

బస్సులు, సోలార్ ప్యానెళ్లు కొనాలంటే కలవండి. తడిచెత్త మాత్రం ఎవరి ఊళ్లో వాళ్లే ఎరువు చేసుకోవాలి, డెబ్భై కిలోమీటర్లు లారీలో మోస్తే మిగిలేది డీజిల్ పొగే.