శూన్ యా చైనా రాజు కాదు: తారానాట్స్ మొదటి భాగం

మా పాపకి తొమ్మిదేళ్లు, ఇంగ్లిష్ మీడియం. మాయలు మంత్రాల పుస్తకం ఏది పట్టుకున్నా అందులో మంచు కురిసే ఊళ్లే, పొగగొట్టాల ఇళ్లే. మనవాళ్లు రాసింది ఒకటి చదివిద్దామని రూపా పై అనే రచయిత్రి ఇంగ్లిష్‌లో రాసిన తారానాట్స్ సిరీస్ తెప్పించాను. మొదటి భాగం పేరు ద క్వెస్ట్ ఫర్ ద షైన్ ఎమరాల్డ్స్. హాషెట్ ఇండియా 2009లో వేసింది, మొత్తం ఎనిమిది భాగాలు, బొమ్మలు ప్రియా కురియన్‌వి.

మిథ్య అనే చోట ఎనిమిది లోకాలు, వాటికి వెలుగు 32 తారలు. షాప్ అజుర్ అనే దుర్మార్గుడు ఆ తారల్ని కాజేస్తాడు, అంతా చీకటి. జ్వాల, జార్పా, తుఫాన్ అనే ముగ్గురు పిల్లలు వాటిని వెతికి తేవాలి. కథ ఇంతే.

అసలు మజా పేర్లలో ఉంది, అది మాకు మూడు రోజులు ఆలస్యంగా తెలిసింది. పాప సోఫాలో పడుకుని చదువుతూ "నాన్నా, చక్రవర్తి శూన్ యా చైనా రాజా?" అంది. ఇంగ్లిష్‌లో రెండు ముక్కలుగా విరిచి రాశారు మరి, నాకూ వెలగలేదు. పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అమ్మ "ఏదీ, కలిపి చదువు" అంది. "శూన్యా..." "అదేనే, శూన్యం, సున్నా." పాప లేచి కూర్చుంది. అంతే, పుస్తకం వదిలేసి పేర్ల వేటలో పడింది. జార్పా సర్పం, ఒళ్లు పాములా సాగదీస్తుంది. జ్వాల సంగతి చెప్పక్కర్లేదు, మంట పుట్టిస్తుంది. షాప్ అజుర్ దగ్గర మాత్రం అంగడి కాబోలు అనుకుని కాసేపు తిప్పలు పడి, చివరికి "శాపం, అసురుడు!" అని అరిచింది. ఇంట్లో వినే మాటలే ఇంగ్లిష్ అక్షరాల్లో కనబడేసరికి గుర్తుపట్టలేకపోయింది పిల్ల, నాకు కాస్త చివుక్కుమంది కూడా.

పొడుపుకథలు, కోడ్‌లు కథలోనే కలిసిపోయి ఉంటాయి, పిల్లలు విప్పితేనే కథ ముందుకు కదిలేది. మా కాపీలో అంచుల నిండా పెన్సిల్ గీతలే. బొమ్మల్లో అల్లరి ఉంది, పిల్లలు మన పిల్లల్లాగే ఉన్నారు.

నచ్చనిది, మొదటి అధ్యాయాల్లో కొత్త మాటలు కుప్పలుగా వచ్చి పడతాయి. కొలతకో పేరు, జంతువుకో పేరు, నాకైతే రెండుసార్లు వెనక్కి తిప్పాల్సొచ్చింది (పాపకి ఆ ఇబ్బందే లేదు, అది వేరే సంగతి). ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి ఒంటరిగా ఇస్తే విసిగి పక్కన పడేస్తారు. పక్కన కూర్చుని పైకి చదివించండి, నానమ్మో అమ్మమ్మో వినే దూరంలో ఉంటే ఇంకా మంచిది.

ఒక జాగ్రత్త. నేను పాత పుస్తకాల సెట్ ఆన్‌లైన్‌లో కొంటే ఎనిమిదికి ఏడే వచ్చాయి, రెండో భాగం లస్టర్ సఫైర్స్ లేదు. అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. మూడోది ముందు చదవనంటే చదవనని పాప భీష్మించుకుని కూర్చుంది. అది ఎవరి ఇంట్లోనైనా అటక మీద ఉంటే చెప్పండి, పెన్సిల్ గీతలున్నా ఫర్వాలేదు.