రన్నింగ్ బ్యాక్ మీద ఎంత పెట్టాలి? మూడు దారుల్లో ఏది మేలు

2024 అక్టోబర్ 20న న్యూజెర్సీలోని మెట్‌లైఫ్ స్టేడియంలో, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్‌లో, రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్‌క్లీ 17 సార్లు బంతి పట్టుకుని పరుగెత్తి 176 యార్డులు సాధించాడు. ఆరేళ్లు న్యూయార్క్ జెయింట్స్ తరఫున ఆడిన మైదానమే అది. ఆ రోజు మాత్రం ఒంటి మీద ఫిలడెల్ఫియా ఈగిల్స్ జెర్సీ. ఈగిల్స్ 28-3తో గెలిచారు. సీజన్ పూర్తయ్యేసరికి అతని ఖాతాలో 2,005 యార్డులు, ఆపైన లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలుపు కూడా. జెయింట్స్ మూడు మ్యాచ్‌లు గెలిచి పద్నాలుగు ఓడారు.

న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ల ఆఫీసుల్లో ఈ రెండు జట్ల అభిమానులూ పక్కపక్క సీట్లలోనే ఉంటారు. అందుకే "జెయింట్స్ అంతటివాణ్ణి చేజేతులా వదులుకున్నారు" అనే మాట అక్కడ చాలాసార్లు వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. 2024లో వదులుకోవడం తప్పు కాదు. అసలు తప్పు 2018లో, అతన్ని తెచ్చుకున్నప్పుడు జరిగింది. ఈగిల్స్ అదే ఆటగాడికి డబ్బు పోసి మంచి పని చేశారు. ఒకే మనిషి ఒక జట్టుకి బరువు, ఇంకో జట్టుకి వరం ఎలా అయ్యాడో అర్థమైతే, రన్నింగ్ బ్యాక్ విలువ గురించిన గొడవ సగం తీరిపోతుంది.

ఎన్ఎఫ్ఎల్ ఇప్పుడిప్పుడే చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. జట్టు దాడిని నడిపిస్తూ బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని చేతి నుంచి బంతి అందుకుని ఎదుటి జట్టు గుంపులోకి దూరి పరుగెత్తేవాడే రన్నింగ్ బ్యాక్. అతని ముందు దారి చేసే ఐదుగురు భారీ మనుషులు అఫెన్సివ్ లైన్. ఐపీఎల్ వేలంలో ప్రతి జట్టుకీ ఒక పర్సు ఉన్నట్టే ఇక్కడా శాలరీ క్యాప్ ఉంది. 2024లో అది జట్టుకి 255.4 మిలియన్ డాలర్లు. 53 మందిని అందులోనే సర్దుకోవాలి. కాబట్టి రన్నింగ్ బ్యాక్‌కి ఎంత ఇవ్వాలని అడిగితే, ఆ మేరకు లైన్‌లో, డిఫెన్స్‌లో ఎవరికి కోత పెడతావని అడిగినట్టే.

కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునేది డ్రాఫ్ట్, అందులో ఒక్కో వంతు ఒక పిక్. దారులు మూడు. డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో, అందులోనూ పైపైన ఉన్న పిక్ ఖర్చుపెట్టి కాలేజీ స్టార్‌ని తెచ్చుకోవడం ఒకటి. చివరి రౌండ్లలో దొరికిన కుర్రాళ్లతో, ఇద్దరు ముగ్గురిని కలిపి, చవకగా బండి నడపడం రెండోది. ఇప్పటికే నిరూపించుకున్నవాడికి పెద్ద కాంట్రాక్టు ఇవ్వడం మూడోది.

మొదటి దారి సంగతి. 2018 డ్రాఫ్ట్‌లో జెయింట్స్‌కి రెండో పిక్ దక్కింది. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ఈలై మ్యానింగ్‌కి అప్పటికి 37 ఏళ్లు. లైన్ బలహీనం. అయినా బార్‌క్లీని తీసుకున్నారు. అదే రౌండ్‌లో ఆరో పిక్‌గా లైన్‌లో గార్డ్‌గా ఆడే క్వెంటన్ నెల్సన్ కోల్ట్స్‌కి, ఏడో పిక్‌గా క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ బఫలో బిల్స్‌కి వెళ్లారు. 2024 సీజన్ ఎంవీపీ, అంటే లీగ్ ఉత్తమ ఆటగాడు, ఆ ఆలెనే.

ఇక్కడ ఒక లెక్క చూడండి, ఈ వ్యాసానికి ఆయువుపట్టు ఇదే. 2011 నుంచి కొత్త ఆటగాళ్ల జీతాన్ని వాళ్లు ఏ స్థానంలో ఆడతారో చూసి ఇవ్వరు, ఎన్నో పిక్కో చూసి ఇస్తారు. బార్‌క్లీ మొదటి నాలుగేళ్ల కాంట్రాక్టు దాదాపు 31 మిలియన్లు, అంటే ఏడాదికి ఎనిమిదికి కాస్త తక్కువ. అదే ఏడాది లీగ్‌లో అత్యధిక జీతం తీసుకునే రన్నింగ్ బ్యాక్ టాడ్ గర్లీకి ఏడాదికి సుమారు 14 మిలియన్లు. అంటే బార్‌క్లీ మొదటి రోజు నుంచే లీగ్‌లో అందరికన్నా గొప్పగా ఆడినా జట్టుకి ఏడాదికి మిగిలేది ఆరేడు మిలియన్లు. ఆలెన్ నాలుగేళ్ల కాంట్రాక్టు సుమారు 21 మిలియన్లు, ఏడాదికి ఐదు చిల్లర. ఆ రోజుల్లో అగ్రశ్రేణి క్వార్టర్‌బ్యాక్ జీతం 30 మిలియన్లు దాటింది. మిగులు పాతిక మిలియన్లు. ఆ పాతికతో ఇంకో ముగ్గురు మంచి ఆటగాళ్లను కొనుక్కోవచ్చు. పై పిక్‌తో రన్నింగ్ బ్యాక్‌ని తీసుకుంటే, అతను ఎంత గొప్పవాడైనా సరే, ఈ మిగులు చేజారిపోతుంది.

బార్‌క్లీ తన వంతు చేశాడు. మొదటి ఏడాది పరుగులు, క్యాచ్‌లు కలిపి 2,028 యార్డులు, రూకీ ఆఫ్ ది ఇయర్. జట్టు 5-11, అంటే ఐదు గెలుపులు, పదకొండు ఓటములు. మరుసటి ఏడాది 4-12. 2020లో రెండో మ్యాచ్‌లోనే మోకాలి లిగమెంట్ (ఏసీఎల్) తెగింది. రన్నింగ్ బ్యాక్ మంచి వయసు తక్కువ కాలం, ఆ కాలంలో జట్టు సిద్ధంగా లేకపోతే అదంతా ఓటమిలోనే ఖర్చయిపోతుంది.

అలాగని ఈ దారి ప్రతిసారీ దండగ కాదు. 2016లో డాలస్ కౌబాయ్స్ నాలుగో పిక్‌తో ఎజీకియల్ ఇలియట్‌ని తెచ్చుకున్నారు. మొదటి ఏడాదే 1,631 యార్డులతో లీగ్‌లో మొదటి స్థానం, జట్టు 13-3. ఎందుకంటే టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, జాక్ మార్టిన్ ముగ్గురూ అంతకుముందు మొదటి రౌండ్ పిక్కులతో వచ్చినవాళ్లే. దారి వేసేవాళ్లు ముందొచ్చారు, పరుగెత్తేవాడు తర్వాతొచ్చాడు. 2023లో డెట్రాయిట్ లయన్స్ పన్నెండో పిక్‌ని జమీర్ గిబ్స్ మీద పెడితే చాలామంది పెదవి విరిచారు. కానీ అక్కడ పెనే సూవెల్, ఫ్రాంక్ రాగ్నో, టేలర్ డెకర్‌లతో లైన్ అప్పటికే గట్టిగా ఉంది. పక్కన భారం పంచుకోవడానికి మూడేళ్లకు 18 మిలియన్లకే డేవిడ్ మాంట్‌గమరీని తెచ్చిపెట్టారు. 2024లో గిబ్స్ 1,412 యార్డులు పరుగెత్తాడు, లయన్స్ 15-2. ఇక 2025లో రైడర్స్ ఆరో పిక్‌తో ఆష్టన్ జెంటీని తీసుకున్నప్పుడు నాకు జెయింట్సే గుర్తొచ్చారు. అంతకుముందు ఏడాది పరుగు యార్డుల్లో లీగ్‌లోనే ఆఖరి జట్టు అది. జెంటీ కాలేజీలో ఒక్క సీజన్‌లో 2,601 యార్డులు కొట్టిన అసాధారణమైన కుర్రాడు. రైడర్స్ మాత్రం 3-14.

రెండో దారిని నేను చాలా జట్లకి మంచిదంటాను. దీనికి పాత ఉదాహరణ డెన్వర్ బ్రాంకోస్. కోచ్ మైక్ షానహాన్ దగ్గర ఆరో రౌండ్ పిక్ టెరెల్ డేవిస్ 1998లో 2,008 యార్డులు చేశాడు. అతను గాయపడితే 1999లో నాలుగో రౌండ్ కుర్రాడు ఒలాండిస్ గ్యారీ 1,159. 2000లో మళ్లీ ఆరో రౌండ్ మైక్ ఆండర్సన్ 1,487. మనుషులు మారుతున్నా లైన్, దాని బ్లాకింగ్ పద్ధతి మారలేదు. ఆ తర్వాత క్లింటన్ పోర్టిస్ మంచి ఫామ్‌లో ఉండగానే 2004లో వాషింగ్టన్‌కి ఇచ్చేసి కార్నర్‌బ్యాక్ చాంప్ బెయిలీని, పైన ఒక రెండో రౌండ్ పిక్‌ని తెచ్చుకున్నారు. బెయిలీ ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. రన్నింగ్ బ్యాక్ విషయంలో ఇంత తెలివైన బేరం నాకు ఇంకొకటి గుర్తు లేదు.

ఈ మధ్య కాలంలో చీఫ్స్ కథ చూడండి. 2020లో మొదటి రౌండ్ చివరి పిక్‌తో క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలేర్‌ని తెచ్చుకున్నారు. రెండేళ్లకు ఏడో రౌండ్‌లో, 251వ పిక్‌గా వచ్చిన ఐసయా పచెకో అతని చోటు లాగేసుకున్నాడు. మొదటి ఏడాదే 830 యార్డులు, సూపర్ బౌల్ ఉంగరం.

కానీ చవక దారిలో ఓ చిక్కుంది, స్కోరుబోర్డు చూస్తే కనపడదు. పది యార్డులు దాటడానికి జట్టుకి నాలుగు ప్రయత్నాలుంటాయి, ఒక్కోదాన్ని డౌన్ అంటారు. ఇది మూడో డౌన్, ఇంకా ఎనిమిది యార్డులు కావాలి. రన్నింగ్ బ్యాక్ క్వార్టర్‌బ్యాక్ పక్కన నిలబడ్డాడు. ఈసారి బంతి అతనికి రాదు. లైన్ దాటుకుని ఎదుటి డిఫెన్స్‌లోని ఏ లైన్‌బ్యాకర్ దూసుకొస్తాడో బంతి కదలకముందే పసిగట్టాలి. రెండు అడుగులు ముందుకేసి, నూటపది కిలోల మనిషి పరుగున వస్తుంటే ఛాతీకి ఛాతీ అడ్డం పెట్టాలి. మూడు సెకన్లలోపు అంతా అయిపోతుంది. తప్పు మనిషిని చూస్తే ఏడాదికి 50 మిలియన్లు తీసుకునే క్వార్టర్‌బ్యాక్ నేలమీద ఉంటాడు. బంతితో మెరుపులా ఉరికే చాలామంది కొత్త కుర్రాళ్లను కోచ్‌లు బెంచి మీద కూర్చోబెట్టేది దీనికే. చివరి రౌండ్‌లో వెతికేటప్పుడు వేగం చూస్తే చాలదు, ఈ పని చేయగలడా అని చూడాలి.

ఇక మూడో దారి. దీన్లో మళ్లీ రెండు రకాలు, వాటిని కలిపేయడం వల్లే చర్చ దారి తప్పుతుంది. సొంత ఆటగాడికి, అప్పటికే చేసిన సేవకి ప్రతిఫలంగా, ముందుగానే పెద్ద కాంట్రాక్టు ఇవ్వడం మొదటి రకం. ర్యామ్స్ 2018లో గర్లీకి నాలుగేళ్ల పొడిగింపు ఇచ్చారు, 2020 మార్చికల్లా వదిలేశారు. అదీగాక 2018 సీజన్ చివర్లో గర్లీ మోకాలు ఇబ్బంది పెడితే, డిసెంబర్‌లో తెచ్చుకున్న సి.జె. ఆండర్సన్ ప్లేఆఫ్స్‌లో కౌబాయ్స్ మీద 123 యార్డులు కొట్టాడు. ఇలియట్‌కి 2019లో ఆరేళ్లకు 90 మిలియన్లు ఇచ్చారు, 2023లో పంపించేశారు. ఈ రకం నాకు నచ్చదు.

రెండో రకం: మిగతా జట్టంతా సిద్ధమయ్యాక, ఆఖరి ముక్కగా, తక్కువ ఏళ్లకు కొనడం. ఈగిల్స్ దీన్ని చేసిన తీరు చెప్పుకోదగ్గది. 2022లో మైల్స్ సాండర్స్ వాళ్లకి 1,269 యార్డులు చేశాడు. డబ్బు అడిగితే పోనిచ్చారు. పాంథర్స్ 25 మిలియన్ల పైచిలుకు ఇచ్చి తీసుకెళ్లారు, అక్కడ మొదటి ఏడాది 432 యార్డులు. అతని స్థానంలో కొద్దిపాటి పిక్కులిచ్చి లయన్స్ నుంచి డి'ఆండ్రే స్విఫ్ట్‌ని తెచ్చారు. 2023లో 1,049 యార్డులు. అతన్నీ పోనిచ్చారు. అంటే తమ లైన్ వెనక ఎవరు పరుగెత్తినా వెయ్యి యార్డులు వస్తాయని ఈగిల్స్‌కి తెలుసు. తెలిసి కూడా 2024 మార్చిలో బార్‌క్లీకి మూడేళ్లకు 37.75 మిలియన్లు ఇచ్చారు. జోర్డన్ మైలాటా, ల్యాండన్ డికర్సన్, లేన్ జాన్సన్ ఉన్న లైన్ వెనక మామూలువాడు పది యార్డుల దగ్గర దొరికిపోయే చోట బార్‌క్లీ అరవై యార్డులు పోతాడు. ర్యామ్స్‌తో మంచులో జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్‌లో ఒకటి 62, ఇంకొకటి 78 యార్డుల టచ్‌డౌన్. ఆ రోజు మొత్తం 205. ఈగిల్స్ 28-22తో గట్టెక్కారు. ఆ తేడా కోసమే వాళ్లు డబ్బు పెట్టింది.

బాల్టిమోర్ రేవెన్స్ అదే ఏడాది ముప్పైలో ఉన్న డెరిక్ హెన్రీని రెండేళ్లకు 16 మిలియన్లకు తెచ్చుకున్నారు. 1,921 యార్డులు, పరుగులోనే 16 టచ్‌డౌన్లు. లామార్ జాక్సన్ తనే పరుగెత్తగలడు కాబట్టి ఎదుటి డిఫెన్స్ హెన్రీ ఒక్కడి మీదే పడలేదు. ధర చూస్తే ఇది బార్‌క్లీ కొనుగోలు కన్నా మేలు.

ఈ దారిలో ప్రమాదం లేదనడం లేదు. 2023లో ఆఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయిన క్రిస్టియన్ మెకాఫ్రీకి 49ఎర్స్ 2024లో కాంట్రాక్టు పెంచితే, ఆ సీజన్‌లోనే గాయాలతో నాలుగు మ్యాచ్‌లు మాత్రమే ఆడాడు. ఈగిల్స్ కూడా సూపర్ బౌల్ గెలిచిన వెంటనే బార్‌క్లీకి ఏడాదికి 20 మిలియన్లు దాటేలా పొడిగింపు ఇచ్చారు. 2025లో లైన్‌ని గాయాలు వెంటాడాయి, యార్డులు బాగా పడిపోయాయి. మొదటి కొనుగోలు చక్కటిది, పొడిగింపు మాత్రం గర్లీ దారిలోకి అడుగుపెట్టడమే అని నేననుకుంటాను.

ఇక నా తీర్పు. జట్టు కడుతున్న దశలో ఉంటే రెండో దారి తప్ప వేరేది వద్దు. పిక్కులు, డబ్బు ముందు క్వార్టర్‌బ్యాక్‌కీ లైన్‌కీ పోవాలి. అవి రెండూ కుదిరి, ప్లేఆఫ్స్ గ్యారంటీ అనుకునే జట్టుకి మూడో దారిలోని రెండో రకం మేలు, రెండు మూడేళ్లకు మించకుండా. మొదటి దారి లయన్స్‌లాంటి అరుదైన సందర్భానికే, అదీ మొదటి పది పిక్కులు అయిపోయాక అయితేనే.

ఈ లెక్కంతా జట్టు వైపు నుంచి. ఆటగాడి వైపు నుంచి చూస్తే నాకు మనసు ఒప్పదు. బార్‌క్లీకి నాలుగేళ్ల కాంట్రాక్టు, ఐదో ఏడాది జట్టు ఇష్టప్రకారం ఉంచుకునే ఆప్షన్, ఆరో ఏడాది ఫ్రాంచైజ్ ట్యాగ్, అంటే లీగ్ లెక్కకట్టిన జీతంతో ఆటగాణ్ణి ఇంకో ఏడాది తన దగ్గరే ఆపుకునే జట్టు హక్కు. సొంతంగా బేరమాడుకునే హక్కు చేతికొచ్చేసరికి 27 ఏళ్లు. 2023లో రన్నింగ్ బ్యాక్ ట్యాగ్ 10.1 మిలియన్లు, కిక్కర్లు, పంటర్లను పక్కనపెడితే అన్ని స్థానాల్లోకీ తక్కువ. అదే మార్చిలో జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌కి నాలుగేళ్లకు 160 మిలియన్లు ఇచ్చారు. ఆ జూలైలో ఆస్టిన్ ఎకెలర్ చొరవతో రన్నింగ్ బ్యాక్‌లంతా జూమ్ కాల్‌లో కలుసుకుని తమ పరిస్థితి మాట్లాడుకున్నది ఇందుకే. అంతకుముందు లీవియన్ బెల్ 14.5 మిలియన్ల ట్యాగ్ కాదని 2018 సీజన్ మొత్తం ఇంట్లో కూర్చున్నాడు. స్టీలర్స్‌లో అతని చోట ఆడిన జేమ్స్ కానర్ లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్ అయిన ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు, బెల్ మళ్లీ మునుపటి ఆటగాడు కాలేదు.

అందుకే రన్నింగ్ బ్యాక్‌ల మొదటి కాంట్రాక్టు మూడేళ్లకు కుదించాలని, వాళ్ల మీద ట్యాగ్ వాడకూడదని నేను గట్టిగా అనుకుంటాను. ఒంట్లో సత్తా ఉన్నప్పుడే డబ్బు అడిగే అవకాశం వాళ్లకి దొరకాలి. దానికి లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి ఒప్పందం మార్చుకోవాలి. ఇప్పటి ఒప్పందం 2030 సీజన్ దాకా ఉంది. జెంటీ నాలుగేళ్లు 2028తో, రైడర్స్ ఆప్షన్ వాడుకుంటే ఐదో ఏడాది 2029తో అయిపోతాయి. ఆ పైన ట్యాగ్ వేస్తే 2030 కూడా పాత నియమాల కిందే ఆడాలి.