స్పౌజ్ వీసా ఇంగ్లీషు కోచింగ్: విజయనగరంలో నేను వెళ్లిన సెంటర్

ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక మెడికల్ షాపు మీద మేడలో ఉంటుందీ సెంటర్. పేరు రాయడం లేదు. పాఠం చెప్పే సారుకి నాలుగు స్టార్లు, డబ్బులు కట్టించుకునే కౌంటరుకి ఒకటి ఇస్తున్నాను. పేరు రాస్తే మాట పడేది సారే.

మా ఆయన యూకేలోని లెస్టర్‌లో ఉంటారు. ఆయనకి అక్కడ శాశ్వత నివాసం వచ్చేసింది కాబట్టి 2024లో నేను స్పౌజ్ వీసాకి సిద్ధమయ్యాను. దానికి ఏ1 స్థాయి ఇంగ్లీషు, అంటే అన్నిటికంటే కింది మెట్టు, చాలు, అదీ వినడం, మాట్లాడడం వరకే. రాయడం, చదవడం ఉండవు. ఐఈఎల్టీఎస్ లైఫ్ స్కిల్స్ అని దానికి వేరే పరీక్ష ఉంది. మామూలు ఐఈఎల్టీఎస్‌లో మార్కుల్లా ఇచ్చే బ్యాండ్లు ఇందులో ఉండవు, పాసో ఫెయిలో అంతే. మామూలు ఐఈఎల్టీఎస్ రాసి ఆ కాగితం పెడితే కుదరదు. ఇదంతా మా ఆయన ఫోన్లో ముందే చెప్పారు.

కౌంటర్లో అమ్మాయి మాత్రం "ఆరున్నర బ్యాండ్ గ్యారంటీ మేడమ్, మూడు నెలలు, పద్దెనిమిది వేలు" అని ఫారం ముందుకు తోసింది. నాకు ఏ1 చాలమ్మా అంటే, "యూకేకి ఎవరైనా ఇదే మేడమ్" అంది. పక్కనున్న మా అమ్మ ఊరుకోలేదు. "మాకేటి కావాలో మేం చెప్తున్నాం కదమ్మా, నీకేటి అమ్మాలనుంటే అది అమ్మేత్తావేటి?" అని గట్టిగానే అడిగింది. ఆ గొడవకి లోపల్నుంచి సార్ వచ్చి, లైఫ్ స్కిల్స్‌కి నెల రోజులు చాలు, నాలుగు వేలు తీసుకోమన్నారు. ఆయన రాకపోయుంటే మెట్లు దిగి వచ్చేసేదాన్నే.

అందరికీ మా అమ్మలాంటి తోడు ఉండదు కదా. రాజాం నుంచి వచ్చే ఒక తమ్ముడి చేత మొత్తం పద్దెనిమిది వేలూ కట్టించేశారు. అతని భార్య అక్కడ ఆసుపత్రిలో నర్సు. అతను వెళ్లేది ఆమె డిపెండెంటుగా, అంటే ఆమె వీసా ఆధారంగా. అప్పటికి అలాంటివాళ్లకి వీసా కోసం ఇంగ్లీషు పరీక్షే లేదు! తెలిశాక అడిగితే ఫీజు వెనక్కి ఇవ్వలేదు. "శాశ్వత నివాసానికి ఎలాగూ ఇంకా పై స్థాయి, బీ1 రాయాలంట, నేర్చుకుంటాన్లే అక్కా" అని పాపం వస్తూనే ఉండేవాడు. 2025 మేలో అక్కడి ప్రభుత్వం వీసాల్లో చేయబోయే మార్పుల మీద తెచ్చిన శ్వేతపత్రంలో పెద్దవాళ్లయిన డిపెండెంట్లకి కూడా ఏ1 పెడతామన్నారు. కాబట్టి మీరు వెళ్లే వీసాకి ఏది కావాలో అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్ డాట్ యూకేలో చూసుకున్నాకే ఎక్కడైనా డబ్బు కట్టండి. మా బ్యాచ్‌లోనే స్పౌజ్ వీసాకి వెళ్లే ఇంకో అమ్మాయి ఇంగ్లీషు మీడియంలో బీఎస్సీ చేసింది. అలాంటివాళ్లు ఎక్టిస్ అనే సంస్థ నుంచి డిగ్రీకి ధ్రువపత్రం తెచ్చుకుంటే పరీక్ష అక్కర్లేదు. అది కౌంటర్లో చెప్పరు. చెబితే ఫీజు ఎవరు కడతారు?

ఇక సారు. రిటైరయిన లెక్చరర్. ఈ పరీక్షలో ఎగ్జామినర్ ముందు ఇద్దరిని కలిపి కూర్చోబెడతారు, మనలో మనం కూడా మాట్లాడుకోవాలి. అందుకని ఆయన బోర్డు జోలికే వెళ్లరు. రెండేసి కుర్చీలు ఎదురెదురుగా వేయించి, రోజూ జతలు మారుస్తారు. మొదట స్పెల్లింగులు. పేరు, ఇంటిపేరు, ఊరు అక్షరం అక్షరం చెప్పాలి. తెలుగు మీడియం వాళ్లకి ఏ, ఈ, ఐ దగ్గర వచ్చే టెన్షన్ ఆయనకి బాగా తెలుసు. నేను విజయనగరానికి "వి, ఐ, జెడ్, ఐ, ఏ" దాకా వచ్చి ఆగిపోతే, "సగం దారిలో దిగిపోయావేంటమ్మా, బస్సు ఇంకా కాంప్లెక్స్‌కి రాలేదు" అనేవారు. థర్టీన్‌కీ థర్టీకీ తేడా పట్టుకోవడం మీదే ఒక క్లాసంతా గడిపారు. బస్సు టైములు, షాపులో ధరలు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు ఫోన్లో వినిపించి అడిగేవారు. సిరిమాను పండగ గురించి నేను చెబితే రాజాం తమ్ముడు ప్రశ్నలు వేయాలి. అర్థం కాకపోతే బిక్కమొహం వేయొద్దు, మళ్లీ చెప్పమని ఇంగ్లీషులోనే అడగమనేవారు. అదే నాకు ఎక్కువ పనికొచ్చింది.

పరీక్షకి విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లాను. లోపల ఉన్నది పావుగంట పైన కొంచెం. ముందే ఇంటిపేరు స్పెల్లింగ్ అడిగారు, ఆగకుండా చెప్పేశాను. పాస్. నా వీసా రూటులో రెండున్నరేళ్ల తర్వాత పొడిగింపుకి ఏ1 పై మెట్టు, ఏ2 రాయాలి.

సెంటర్ వాళ్లు పరీక్ష బుకింగ్ చేస్తామని విడిగా డబ్బులు అడుగుతారు. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుని మీరే చేసుకోవచ్చు, పేరు మాత్రం అందులో ఉన్నట్టే కొట్టండి. చేరితే ఉదయం బ్యాచ్‌లో చేరండి. సాయంత్రం కింద బజ్జీల బండి దగ్గర జనం మూగుతారు, కిటికీలు మూసినా రికార్డింగులు సరిగా వినిపించవు.