పెరటి చెట్టా, దూరపు కొండా: మేనేజరు కుర్చీకి ఏ దారి మేలు?

పోయిన ఆదివారం మా అక్క కూతురు భోజనానికి వచ్చింది. ముప్పై రెండేళ్లు. నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీలో ఏడేళ్లుగా పనిచేస్తోంది. పప్పుచారు కలుపుకుంటూ తలెత్తకుండా అడిగింది: "పిన్నీ, ఈసారి కూడా మేనేజరుగా వెయ్యకపోతే మానేయనా? బయట ఒకళ్లు ఆ పోస్టే ఇస్తామంటున్నారు."

"ఉన్నది వదులుకోకమ్మా" అన్నారు బావగారు. "జీతం ఎంతంటున్నారు?" అన్నారు మా ఆయన. చూడవలసింది ఆ రెండూ కాదని నాకు తెలుసు. కానీ సరిగ్గా అప్పుడే నా నోట్లో ముద్ద ఉంది. ఆ ముద్ద మింగాక తీరిగ్గా ఆలోచించి చెబుతున్న జవాబు ఇది.

మన సామెతలను నమ్ముకుంటే అడుగు కదలదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, అంటే ఉన్నచోట విలువ లేదు. దూరపు కొండలు నునుపంటారు, అంటే వెళ్లినచోట సుఖం లేదు. నేను రెండూ చూశాను. హైదరాబాద్‌లో పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో పదకొండేళ్లు ఒకే సంస్థలో పెరటి చెట్టుగా ఉన్నాను. మిగతా ఎనిమిదేళ్లు రెండు కొండలెక్కాను.

ఉన్నచోటే ఉండటంలో పెద్ద లాభం పని తెలిసి ఉండటం. ఏ క్లయింటు దేనికి విసుక్కుంటాడో, ఏ అనుమతి ఎవరి బల్ల మీద ఆగుతుందో, ఎవరికి ఫోను చేస్తే పని జరుగుతుందో, ఎవరికి మెయిలు పెడితే చాలో మీకు తెలుసు. కొత్తచోట ఇంత తెలియడానికి నాకు ఏడాది పట్టింది. మొదటిసారి పదిమందిని నడిపించేటప్పుడు ఈ తెలివిడి గొప్ప దన్ను. మనుషులను నడపడం ఎలాగూ కొత్తే. పని కూడా కొత్తదైతే రెండు కొత్తలు ఒకేసారి మీద పడతాయి.

ఇక చాలామంది చెప్పే రెండు కారణాలు ప్రసూతి సెలవు, గ్రాట్యుటీ. మొదటిదానిలో అపోహే ఎక్కువ. చట్టాన్ని 2017లో సవరించాక మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. దానికి అర్హత, ప్రసవ తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు అక్కడ పనిచేసి ఉండటం. ఏడాది నిండాలనీ, రెండేళ్లు నిండాలనీ అనుకుని ఉద్యోగం మారకుండా ఆగిపోయినవాళ్లను నేనెరుగుదును. గ్రాట్యుటీ మాత్రం నిజమైన లెక్కే. పర్మనెంటు ఉద్యోగికి ఐదేళ్లు నిండాలి. నాలుగేళ్లు దాటినవాళ్లు క్యాలెండరు చూసుకుని రాజీనామా రాయడంలో తప్పు లేదు. అయితే పదేళ్ల భవిష్యత్తును ఆ ఒక్క చెక్కుతో కొలవకూడదు.

పెరటి చెట్టుకున్న అసలు కష్టం వేరు. "నువ్వు లేకపోతే ఈ ప్రాజెక్టు నడవదమ్మా" అంటారు. పొగడ్తలాగే వినిపిస్తుంది. నడవదు కాబట్టి నిన్ను అక్కడినుంచి కదపం అని దాని అర్థం. దానికి తోడు మీటింగులో ఎవరేమన్నారో రాయడం, కొత్తగా చేరినవాళ్లకు ఆఫీసు చూపించడం, ఎవరైనా వెళ్లిపోతుంటే చందాలు పోగుచేయడం, సద్దుల బతుకమ్మకు ఆరో అంతస్తుకు తంగేడు పూలు తెప్పించడం. బతుకమ్మ పేర్చడం నాకు ఇష్టమే. పదకొండేళ్లలో తొమ్మిదేళ్లు నేనే పేర్చాను. నా వార్షిక సమీక్షలో ఆ పూల ఊసు ఎప్పుడూ లేదు. అమెరికాలో లిండా బాబ్‌కాక్ అనే ఆర్థికవేత్త బృందం 2017లో ఇలాంటి పనుల మీదే ఒక అధ్యయనం ప్రచురించింది. చేస్తే అందరికీ మేలు, చేసినవారికి మాత్రం ఒరిగేదేమీ లేదు, అలాంటి పని ఒకటి ప్రయోగంలో చేయమని అడిగితే మహిళలు 76 శాతం సార్లు, పురుషులు 51 శాతం సార్లు ఒప్పుకున్నారు. మనవాళ్లనయితే అడగను కూడా అడగరు, అప్పగిస్తారు.

ఒక్క మినహాయింపు చెప్పాలి. పది మంది గానీ, అంతకు మించి గానీ ఉన్న ప్రతి కార్యాలయంలో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలనీ, దానికి సీనియర్ మహిళా ఉద్యోగే అధ్యక్షత వహించాలనీ 2013 చట్టం చెబుతోంది. ఆ బాధ్యత వస్తే కాదనకండి. బరువైన పని, నిద్ర పట్టని రాత్రులుంటాయి. కానీ కంపెనీ పెద్దల ఎదుట కూర్చుని, చట్టం చేతిలో పెట్టుకుని మాట్లాడే చోటు అది. చందాల డబ్బాతో దానికి పోలిక లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను మేనేజరునైన తొలి ఏడాది, ప్రమోషన్లు తేల్చే గదిలో మొదటిసారి కూర్చున్నాను. గచ్చిబౌలిలో, కిటికీలు లేని గది. గోడ మీద ఎక్సెల్ షీటు, అందులో నలభై ఒక్క పేర్లు. ఇవ్వగలిగిన ప్రమోషన్లు మూడు. ఒక్కో పేరుకూ రెండు నిమిషాలు కూడా లేవు. ఒక అమ్మాయి పేరు వచ్చింది. వాళ్ల మేనేజరు, "చాలా కష్టపడుతుంది. టీముకు తల్లిలాంటిది" అన్నాడు. అంతే. ఎవరూ ఏమీ అనలేదు. ఏసీ చప్పుడు వినిపించింది. కర్సరు కిందికి జరిగింది. తర్వాతి పేరు ఒక అబ్బాయిది. "డిసెంబరులో ఆ బ్యాంకు ఒప్పందం నిలబడిందంటే ఇతని వల్లే. ఈసారి ఇవ్వకపోతే వెళ్లిపోతాడు, నేను రాసిస్తాను" అన్నాడు అతని మేనేజరు. రాసిస్తాను అన్నాక ఇంకెవరు అడ్డుపడతారు? ఆ ఒప్పందం నిలబడటానికి మూడు రాత్రులు కూర్చుని లెక్కలు సరిచేసింది ముందు పేరుగల అమ్మాయి. అది నాకు తెలుసు. గదిలో కొత్తదాన్ని, నేనూ నోరు విప్పలేదు. ఆ మౌనం ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

హెర్మీనియా ఇబార్రా అనే ఆచార్యురాలు సహరచయితలతో కలిసి 2010లో రాసిన వ్యాసం ఒకటి తర్వాతెప్పుడో చదివాను. ఆడవాళ్లకు సలహాలిచ్చేవాళ్లు ఎక్కువే, పూచీ పడేవాళ్లే తక్కువని అందులో సారాంశం. సలహా మీ ఎదురుగా ఇస్తారు, పూచీ మీరు లేనిచోట పడతారు. కాబట్టి ఉండటమా, మారడమా అని తూచేటప్పుడు నేను ముందు వేసే రాయి ఇదే: ఆ గదిలో మీ పేరు మీద "నేను రాసిస్తాను" అనే మనిషి ఎవరు? పేరుతో సహా చెప్పగలిగితే పెరటి చెట్టే మేలు. చెప్పలేకపోతే ఏడేళ్ల అనుభవమూ ఆ షీటులో ఒక గడి మాత్రమే.

కొండ సంగతికి వద్దాం. బయటికి వెళ్తే జీతం పెరుగుతుంది, అది అందరికీ తెలిసిందే. అంతకంటే పెద్ద లాభం, మిమ్మల్ని ట్రెయినీగా చూసిన కళ్లు అక్కడ ఉండవు. పాతచోట నలభై ఏళ్లొచ్చినా మీరు "ఆ అమ్మాయే". కొత్తచోట మొదటి రోజునుంచే మేడం. మీ కథ మీరే చెప్పుకోవచ్చు. చెప్పుకోవడం దగ్గరే మనవాళ్లు తడబడతారు. ఇంటర్వ్యూలకు కూర్చున్న ఈ ఎనిమిదేళ్లలో నేను గమనించింది ఇది: మగపిల్లలు "నేను చేశాను" అంటారు, ఆడపిల్లలు "మేము చేశాం" అంటారు. నేను నేను అనడం అహంకారమని ఇంట్లో నేర్పాం కదా. అవతలివాడు ఆ "మేము"లో మిమ్మల్ని వెతుక్కోడు.

కొండకు లోయలూ ఉంటాయి. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన మిషెల్ రయాన్, అలెక్స్ హాస్లామ్ 2005లో చెప్పిన మాట ఒకటుంది. మహిళలకు పెద్ద పదవి దక్కడం సంస్థ కష్టాల్లో ఉన్నప్పుడే ఎక్కువట. దానికి వాళ్లు గాజు కొండ అంచు అని పేరు పెట్టారు. నాకు ఆ పేరు తెలియక ముందే ఆ అంచు తెలిసింది. రెండో ఉద్యోగంలో చేరిన రోజు నా బల్ల సొరుగు లాగితే రెండు విజిటింగ్ కార్డుల డబ్బాలు బయటపడ్డాయి. ఇద్దరు వేర్వేరు మనుషులవి, హోదా మాత్రం ఒక్కటే, నాది. పద్దెనిమిది నెలల్లో ఇద్దరు వచ్చి వెళ్లిపోయిన కుర్చీ అని ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. హోదా నాదే గానీ, ఒక్క మనిషిని తీసుకోవాలన్నా బెంగళూరులో ఇంకొకరి సంతకం కావాలి.

అందుకే ఆఫరు చేతిలో ఉన్నప్పుడు అడగవలసినవి ఇవి. ఈ కుర్చీ ఎందుకు ఖాళీ అయింది, ఇంతకుముందు ఉన్నవారు ఇప్పుడెక్కడ? నా కింద ఎందరు, వాళ్లను తీసుకునే అధికారం ఎవరిది? బడ్జెటు మీద సంతకం నాదేనా? జీతం గురించి మూడుసార్లు బేరమాడేవాళ్లు కూడా వీటిని ఒక్కసారీ అడగరు. అడిగితే హెచ్ఆర్ వాళ్లు తియ్యగానే చెబుతారు. వీలైతే రేపు మీ కింద పనిచేయబోయేవాళ్లలో ఒకరితో పది నిమిషాలు మాట్లాడించమనండి. సందేహిస్తే ఆ సందేహమే జవాబు.

దూరం కూడా చూసుకోవాలి. ఉప్పల్‌లో ఉండే మనిషికి మెట్రో రాయదుర్గం దాకానే తీసుకెళ్తుంది. అక్కడినుంచి నానక్‌రామ్‌గూడకైనా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కైనా ఆటోనో క్యాబో పట్టుకోవలసిందే. మేనేజరయ్యాక రాత్రి తొమ్మిదింటికి అమెరికావాళ్లతో కాల్స్ ఉంటాయి. అవి ఇంటినుంచి మాట్లాడవచ్చా, వారానికి ఎన్ని, అన్నది జీతం కాగితంలో ఉండదు.

మూడో దారి గురించి రెండు ముక్కలు. గచ్చిబౌలిలో 2001నుంచీ ఉన్న ఐఎస్‌బీలో, అంటే ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌లో, ఏడాది మేనేజ్‌మెంటు కోర్సు చేస్తే ఎలా ఉంటుందని అడుగుతారు. ఐటీనుంచి ఫైనాన్సుకో, మార్కెటింగుకో మారాలంటే మంచిదే. ఉన్న పనిలోనే పైమెట్టు ఎక్కడానికయితే నేను చెప్పను. అర్హత చాలక ఆగిపోయిన ఆడవాళ్లను నేను పెద్దగా చూడలేదు. సొంత కంపెనీ పెడతామనేవాళ్లకు వ్యాపారం పెట్టే మహిళలకు చేయూతగా 2018లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన వీ హబ్ ఉంది. అది వేరే చర్చ.

మరి ఏది మేలు? నా తీర్పు ఇది: మొదటి మెట్టు లోపల ఎక్కండి, రెండోది బయట. చట్టం అడుగున ప్రసూతి సెలవుతో ఆదుకుంటుంది. స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీ బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలని 2013 కంపెనీల చట్టం పైన ఆదుకుంటుంది. నడుమ ఏ చట్టమూ లేదు, మనవాళ్లు జారిపోయేది అక్కడే. మెకిన్సీ అనే సలహా కంపెనీ, లీన్‌ఇన్ అనే మహిళల సంస్థ కలిసి ఇచ్చిన 2024 నివేదిక అమెరికా లెక్క చెబుతూ, తొలిసారి మేనేజర్లయిన మగవాళ్లు నూరైతే ఆడవాళ్లు 81 అంది. విరిగింది మొదటి మెట్టే. తొలిసారి మేనేజరు కుర్చీ ఇవ్వాలంటే కొత్తవాళ్లు పాత హోదా చూసి ఇస్తారు, మనకు ఆ పాత హోదాయే లేదు. తెలిసినవాళ్లయితే మనిషిని చూసి ఇవ్వగలరు. ఒకసారి హోదా దక్కాక అదే మీ తరఫున మాట్లాడుతుంది, అప్పుడు దూకితే బేరం మీది.

విజయవాడలో పుట్టిన పద్మశ్రీ వారియర్ 1984లో మోటరోలాలో చేరి, 2003లో అక్కడే సాంకేతిక విభాగానికి అధిపతి అయ్యారు. 2007లో అదే హోదాతో సిస్కోకు వెళ్లారు. నా తీర్పుకు ఎదురు సాక్ష్యమూ ఉంది. ఇంద్రా నూయీ పలు సంస్థలు మారాకే 1994లో పెప్సీకోలో చేరారు, అక్కడే ఉండి 2006లో సీఈఓ అయ్యారు. కాబట్టి నా మాట వేదం కాదు. కానీ గడువు లేని ఓపిక మాత్రం ఎవరికీ పనికిరాదు. నోరు తెరిచి అడిగిన తర్వాత రెండు సమీక్షలు, అంతే. అడగకుండా గడిచిన ఏళ్లు లెక్కలోకి రావు. రాజీనామా ఇచ్చాక "ఆగు, ఇస్తాం" అంటే తేదీతో సహా కాగితం మీద అడగండి. తొంభై రోజుల నోటీసులో తీయటి మాటలు చాలా వినిపిస్తాయి.

మా పిల్ల విషయంలో చిక్కు ఏమిటంటే, రెండేళ్లలో ముగ్గురు మేనేజర్లు మారారు. పూచీ పడే మనిషి లేడు. అందుకే ఫోను చేసి చెప్పాను: మీ పైవాడి పైవాణ్ణి ఇరవై నిమిషాలు అడుగు. "నాకు అర్హత ఉందా" అని అడగవద్దు, ఉందనే అంటాడు. "ఈసారి నా పేరు ఎవరు చెబుతారు" అని అడుగు. పేరు చెబితే మార్చి దాకా ఉండు. చూద్దాం అంటే ఆ బయటివాళ్లను కుర్చీ సంగతి అడిగి, నచ్చితే వెళ్లు.

నిన్న రాత్రి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. బుధవారం నాలుగింటికి సమయం ఇచ్చారట. చెప్పబోయేది నోటుబుక్కులో మూడు వాక్యాలుగా రాసుకుంది. "చూడు పిన్నీ, సరిగ్గా ఉందా?" మొదటి వాక్యం "మా టీము" అని మొదలైంది. ఆ రెండు మాటలూ కొట్టేసి, పైన "నేను" అని రాసి తిరిగి పంపాను.